రూటరు సాక్ష్యం

మా ఆయనకు ఒక జబ్బుంది. డాక్టర్లు దానికింకా పేరు పెట్టలేదు కాబట్టి నేనే పెట్టుకున్నాను. బదులు జబ్బు. అడిగిన వస్తువు తీసుకురారు. దాని బదులు ఇంకోటి తెస్తారు. తెచ్చి, ఇదే అసలుదానికంటే మేలని మూడు పూటలూ మనచేత ఒప్పించుకుంటారు.

కిటికీకి తెరలు అడిగాను. ఆస్పత్రిలో మంచానికీ మంచానికీ మధ్య లాగే ఆకుపచ్చ తెర తెచ్చారు. "గుడ్డ గుడ్డే కదా" అన్నారు. అది వేలాడినన్నాళ్లూ మా హాల్లో కూర్చున్న ప్రతివాళ్లూ గొంతు తగ్గించి మాట్లాడి, త్వరగా కోలుకోమని చెప్పి వెళ్లిపోయేవాళ్లు.

ఇస్త్రీ బల్ల అడిగాను. మసాజ్ బల్ల తెచ్చారు. బోర్లా పడుకున్నవాళ్లు ముఖం పెట్టుకోవడానికి దానికి ఒక చివర గుండ్రటి చిల్లు ఉంటుంది. చొక్కా ఎలా పరిచినా కాలరు సరిగ్గా ఆ చిల్లులోకే దిగుతుంది.

అవన్నీ భరించాను. ఇప్పుడు చెప్పబోయేది మాత్రం భరించలేదు. అందుకే మీకు చెబుతున్నాను. మధ్యలో నా గొంతు పెరిగితే మీ మీద కాదని గుర్తుపెట్టుకోండి.

ఆయన పేరు నతానియేల్. నా పేరు హెలెన్. మాది పాలకొల్లు. కువైట్‌లో అబూ హలీఫాలో ఉంటాం. ఆయన ఒక కంపెనీలో స్టోర్‌కీపరు. నేను పెళ్లికి ముందు ఊళ్లో స్కూల్లో లెక్కలు చెప్పేదాన్ని. ఇక్కడికొచ్చాక ఏళ్ల తరబడి నా లెక్కలన్నీ ఇడ్లీపిండి కొలతల దగ్గరే ఆగిపోయాయి. ఈమధ్యే హాల్లో ఒక మూల బల్ల వేసుకుని, లాప్‌టాప్ ముందు కూర్చుని, పదో తరగతి పిల్లలకు ఆన్‌లైన్లో పాఠం చెప్పడం మొదలుపెట్టాను.

ఆ మూలను మా ఇంటికొచ్చేవాళ్లందరూ హెలెన్ క్లాస్‌రూమ్ అనేవాళ్లు. ఆయన మాత్రం హెలెన్ టైంపాస్ అనేవారు.

కోపం ఎక్కడ మొదలైందో ఇప్పుడు మీకు తెలిసింది కదా.

నా క్లాసు నడిచేది ఒక పాత రూటరు మీద. అది మామూలు ఇళ్లలో ఉండే రకం కాదు. చిన్న చిన్న ఆఫీసుల కోసం చేసింది. మా ఆయన ఒకప్పుడు ఊరికి సామాన్లు పంపే కార్గో ఆఫీసు పెట్టారు. సామాన్లకంటే ముందే ఆఫీసు వెళ్లిపోయింది. రూటరొక్కటే మిగిలింది. నల్లటి ఇనుప పెట్టె, ముందు వరసగా నిలకడగా వెలిగే పచ్చ లైట్లు. ఎంతమంది వాడుతున్నా నా పాఠానికి ముందు దారి ఇచ్చి, మిగతావాళ్లను పక్కన నిలబెట్టేది. నేను దాన్ని పెద్దాయన అనేదాన్ని. మాట్లాడడు, వేడెక్కడు, అలగడు, సలహా ఇవ్వడు. మా ఇంట్లో ఇన్ని మంచి గుణాలున్న మగాడు వేరే లేడు.

అలాంటి పెద్దాయన, నా జీవితంలోకెల్లా ముఖ్యమైన పాఠం మధ్యలో కన్నుమూశాడు.

హైదరాబాద్‌లో ఒక ఆన్‌లైన్ ట్యూషన్ సంస్థ ఉంది. అక్కడ టీచర్లను ఎంపిక చేసేది గంగారత్నం మేడమ్. నా ఇంటర్వ్యూ అయిపోయింది. ఇక మిగిలింది పరీక్ష పాఠం. నేను పిల్లలకు చెబుతుంటే ఆవిడ వెనక కూర్చుని చూస్తారు. నచ్చితే ఉద్యోగం. నా పేరు మీద, నా చదువుకు, నా గొంతుకు వచ్చే ఉద్యోగం.

వర్గ సమీకరణం రాసి, "ఇప్పుడు ఎక్స్ విలువ..." అన్నాను. పెట్టెలోంచి చిన్న చిటపట. లైట్లన్నీ ఆరిపోయాయి. అటువైపు తెర మీద నేను నోరు తెరిచి బిగుసుకుపోయానట. పిల్లలు దాన్ని ఫొటో తీసి స్టిక్కర్ చేసుకున్నారు. ఇప్పటికీ ఎవరికైనా మార్కులు తక్కువొస్తే నా ముఖమే పంపుకుంటారు.

తర్వాత గంగారత్నం మేడమ్ ఫోన్ చేశారు.

"పాఠం బాగుందమ్మా. కానీ సగం పాఠానికి టీచరు మాయమైతే పిల్లలకేం చెప్పమంటావు? వచ్చే సోమవారం ఇంకోసారి చూస్తాను. అదే ఆఖరు."

చచ్చిన పెట్టెను సంచిలో వేసుకుని దగ్గర్లోనే ఉన్న మంగఫ్‌లో ఖాసిం వలి కొట్టుకు వెళ్లాను. ఖాసిం వలిది రాయచోటి. కంప్యూటర్లు, రూటర్లు బాగుచేస్తాడు. విప్పి చూసి తల అడ్డంగా ఊపాడు.

"ఈ మోడలు కంపెనీవాళ్లు ఎప్పుడో నిలిపేసినారు మేడం. సామాన్లు గూడా రావు. దీని కోసం ఊరంతా తిరిగేది దండగ. ఇదో, ఈ చిన్నది సూడండి. మీ పాఠానికి ముందు దారి ఇస్తాది, ఇంటికొచ్చినోళ్లకు వేరే దారి ఇస్తాది. పాతదాని ధరలో సగం గూడా ఉండదు."

అరచేతిలో పట్టే తెల్లటి డబ్బా. నాకు నచ్చింది. అక్కడే కొనేస్తే ఈ కథ ఉండేది కాదు. కానీ మా ఆయనకు చెప్పి కొందామన్న మర్యాద ఒకటి నాలో మిగిలి ఉంది. ఇప్పుడు లేదులెండి.

"కొట్లో కొంటావా?" అన్నారాయన, నేను దొంగతనానికి బయల్దేరినట్టు. "కొట్లో ఎవడైనా కొంటాడే. వెతికి కొనడంలోనే ఉంది మనిషి గొప్ప."

"ఖాసిం వలి సరిపోతుందన్నాడండీ."

"వాడు అమ్ముకునేవాడు, సరిపోతుందనే అంటాడు. నేను సూక్ అల్ జుమాకి, ఆ పాత సామాన్ల శుక్రవారం సంతకి వెళ్లి అదే మోడల్ తెస్తాను."

"అది తయారవ్వడమే మానేసిందిట."

"తయారవ్వడం మానేస్తుంది గానీ, దొరకడం మానేస్తుందా? పిచ్చిదానా!"

"సోమవారం నా ఆఖరి అవకాశమండీ."

"ఓ టైంపాస్ క్లాసుకి ఇంత హడావుడేంటే?"

"ఏమన్నారు?"

"అబ్బే, టైముకి పాసయ్యే క్లాసు అంటున్నాను."

నా చేతిలో అట్లకాడ ఉంది. దాన్ని నెమ్మదిగా గిన్నెలో పెట్టాను. నా ఓర్పు మీద ఎవరైనా వ్యాసం రాయదలిస్తే ఇక్కణ్ణించి మొదలుపెట్టుకోవచ్చు.

సరిపోల్చి చూడాలంటూ పాత పెట్టెను కూడా సంచిలో పట్టుకెళ్లారు. శుక్రవారం మధ్యాహ్నం వెళ్లిన మనిషి చీకటి పడ్డాక ఒళ్లంతా దుమ్ముతో, ముఖమంతా వెలుగుతో తిరిగొచ్చారు. సంచిలోంచి నల్లటి ఇనుప పెట్టె తీసి బల్ల మీద పెట్టారు.

"చూడు! అచ్చం అదే మోడల్! ఏదో ఆఫీసు ఎత్తేస్తే వచ్చిందట. వాడనే వాడలేదు. సీల్ విప్పని పీసు!"

"మరి పాతది?"

"పాతదెందుకే ఇంకా? అక్కడే పారేశాను."

నిజంగానే అదే మోడల్. ఒక్క క్షణం, దేవుడి తోడు, ఆయన మీద ప్రేమ కూడా పుట్టింది. వేడిగా టీ పెట్టిచ్చాను. ఆ టీని నేనెప్పటికీ క్షమించను.

ఆయన దానికి వైర్లు తగిలించి, ఫోన్లో సెట్టింగుల పేజీ తెరిచారు. పేజీ అంతా అరబ్బీలో ఉంది.

"ఇదేంటండీ, పాతది ఇంగ్లీషులో ఉండేది కదా?"

"కొత్త సాఫ్ట్‌వేరు. స్థానికుల కోసం మార్చారు."

"మీకు అరబ్బీ చదవడం రాదు కదా!"

"చదవక్కర్లేదే. చోటు తెలిస్తే చాలు. ఇన్నేళ్ల నుంచి ఆఫీసు కంప్యూటర్లో నేను చేసేది అదే. కుడివైపు నొక్కితే సరే, ఎడమవైపు నొక్కితే వద్దు. భాష మారినా బటన్లు ఎక్కడికి పోతాయి?"

టకటకా కుడివైపు నొక్కుతూ పోయారు. నెట్ వచ్చింది. రూటరు పేరు పాతదే పెట్టారు, హెలెన్ మ్యాథ్స్ అని. తన ఫోన్లో ఆ పేరు నొక్కగానే తగులుకుంది.

"చూశావా, పాస్‌వర్డ్ కూడా అడగలేదు! యజమానిని గుర్తుపట్టింది."

నా లాప్‌టాప్‌లో నొక్కాను. పాస్‌వర్డ్ అడగలేదు.

"నిన్నూ గుర్తుపట్టింది! ఎంత తెలివైన మెషినో!"

నా చూపు మాత్రం పెట్టె మీదే ఉంది. పెద్దాయన లైట్లు పచ్చగా, నిలకడగా వెలిగేవి. ఇవి ఎరుపు, పచ్చ, నీలం వంతులవారీగా వెలిగి, ఆ తర్వాత మూడూ కలిసి ఇటు నుంచి అటు పరుగెడుతున్నాయి.

"లైట్లేంటండీ, గంతులేస్తున్నాయి?"

"స్పీడే మరి! స్పీడెక్కువైతే గంతులెయ్యవా?"

దగ్గరికెళ్లి చూశాను. పెట్టె ఎడమ మూల పసుపు వేలిముద్ర ఉంది. నాదే. వంట మధ్యలో పిల్లలు క్లాసుకు వచ్చేస్తే, చెయ్యి కడుక్కోకుండా పరుగెత్తి స్విచ్ వేసిన రోజుది. సీల్ విప్పని పీసు మీద నా వేలు పసుపుతో సహా ఎప్పుడు పడిందో నేను అడగలేదు. అడిగితే ఇంకో కథ చెబుతారు. ఆయన కథలకంటే స్క్రూడ్రైవరు త్వరగా నిజం చెబుతుంది. కానీ శనివారం కూడా ఆయనకు సెలవే. రోజంతా ఆ పెట్టె పక్కనే సోఫాలో కాపలా కూర్చున్నారు.

శనివారం సాయంత్రం నా మామూలు క్లాసు. మొదలుపెట్టిన కాసేపటికే పిల్లల ముఖాలు చదరపు ముక్కలయ్యాయి.

"మేడమ్, మీ గొంతు నీళ్లలోంచి వస్తోంది!"

"మేడమ్, మీరు త్రిభుజం గీశారా, సమోసా గీశారా?"

"మేడమ్... మేడమ్... పోయారు మేడమ్!"

క్లాసు ఆపేసి ఆయన వైపు తిరిగాను.

"గాలి దుమారం వస్తోందే. దుమ్ముకి సిగ్నల్ ఆగుతుంది" అన్నారు.

"తంతి గోడలోంచి కదండీ వచ్చేది? గోడలో దుమారమా?"

"కొత్త మెషిను కదే. ఇంటికి అలవాటు పడాలి."

"కోడలా అలవాటు పడడానికి?"

"మెషినే నయం. నువ్వు ఇన్నేళ్లయినా పడలేదు."

ఈసారి అట్లకాడ వంటింట్లో ఉండిపోవడం ఆయన అదృష్టం. నేను కాస్త గాలి కోసం బయటి తలుపు తీశాను.

మెట్ల మీద పై నుంచి కింది దాకా మనుషులు కూర్చుని ఉన్నారు. అందరూ పై అంతస్తుల బ్యాచిలర్లు. ఒక్కొక్కరి చేతిలో ఒక్కో ఫోను. ఒకడు క్రికెట్టు చూస్తున్నాడు. ఒకడు పెళ్లాంతో మాట్లాడుతూ, వంకాయ ఎలా వండాలో ఇటు నుంచి చెబుతున్నాడు. మా వాచ్‌మన్ తౌఫిక్ కుర్చీ కూడా తెచ్చుకున్నాడు. నన్ను చూడగానే అందరూ లేచి నిలబడ్డారు, టీచరు గదిలోకి వచ్చినట్టు.

మణి ముందుకొచ్చాడు. కడప కుర్రాడు, గ్యారేజీలో మెకానిక్కు.

"నమస్తే అక్కా. నీ మాదిరి ఎవురు ఇస్తారక్కా ఈ కాలంలో? తాళం గూడా ఎయ్యకుండా బిల్డింగుకంతా నెట్టు ఇడిసిపెట్నావు. నీ పేరు కనపడంగానే అనుకున్యాం, అక్క మనసు పెద్దదని. కింద సెలూనోళ్లు గూడా నీ నెట్టే వాడుకుంటాండారు."

"ఎప్పటి నుంచి మణీ?"

"నిన్న రాత్రి కాడి నుంచి అక్కా. మేము రీచార్జి గూడా మానేసినాం."

తలుపు వేసి వచ్చాను. ఆయనకు చెప్పలేదు. చెబితే అది తన దానగుణం అంటారని భయం.

ఆదివారం ఆయన డ్యూటీకి వెళ్లగానే ముందు ఆ అరబ్బీ పేజీ తెరిచాను. మూలనున్న గోళం గుర్తు నొక్కితే ఇంగ్లీషులోకి మారింది. తాళం వద్దు అని ఉంది. గోళం మళ్లీ నొక్కి అరబ్బీ పేజీ చూశాను. అప్పుడు నాకు వెలిగింది. అరబ్బీ కుడి నుంచి ఎడమకు నడుస్తుంది. పేజీ కూడా దాంతోపాటు అద్దంలో బొమ్మలా తిరగబడుతుంది. సరే ఎడమకు పోయింది, వద్దు కుడికి వచ్చింది. మా ఆయన తాళం వెయ్యమంటారా అన్న ప్రతి ప్రశ్నకూ ఎంతో ధీమాగా వద్దు, వద్దు, వద్దు అని నొక్కుకుంటూ పోయారు. ఇన్నేళ్లు ఎడారి దేశంలో ఉండి, భాష ఎటు నుంచి నడుస్తుందో చూడని మనిషి, నాకు చోటు తెలుసు అన్నాడు!

తర్వాత పెట్టె స్క్రూలు విప్పాను.

లోపల పెద్దాయన లేడు. పేగులన్నీ తీసేశారు. ఖాళీ కడుపులో అన్నిటికంటే చవకరకం ఇంటి రూటరు ఒకటి, రెండు రబ్బరు బ్యాండ్లతో, మిగిలినచోట ప్యాకింగ్ టేపుతో కట్టి ఉంది. ముందువైపు చిల్లుల వెనక, పోయిన డిసెంబరులో బాల్కనీలో కట్టిన క్రిస్మస్ నక్షత్రంలోని సీరియల్ లైట్లు. బ్యాటరీ డబ్బాతో సహా.

నేను నేల మీద చతికిలబడ్డాను. నవ్వు వచ్చి ఉండాల్సింది. రాలేదు. ఆ టేపు ఎంత ఓపిగ్గా చుట్టారు! లైట్లు ఒక్కో చిల్లుకు ఒక్కొక్కటిగా ఎంత శ్రద్ధగా అమర్చారు! నన్ను మోసం చెయ్యడానికి పెట్టిన ఆ ఓపికలో సగం నా పాఠానికి పెట్టి ఉంటే చాలదా? నాకు చవక మీద కోపం లేదు. ఖాసిం వలి చూపించిందీ చవకే. నాకు అవసరమేమిటో ఒక్కసారీ అడక్కుండా, నాకేది కనిపిస్తే చాలో దాన్నే తయారుచేశారు చూడండి, అక్కడ మండింది.

లోపలి రూటరుకు కరెంటు ఊడదీసి, పెట్టె మూసి, స్క్రూలు బిగించి, మంగఫ్ వెళ్లి తెల్ల డబ్బా కొని తెచ్చాను. గోడలోంచి తంతి వచ్చేచోట, కిటికీ తెర వెనక దాన్ని పెట్టాను. పాత పేరే ఇచ్చాను. గట్టి పాస్‌వర్డ్ పెట్టాను. నల్ల పెట్టె వైరును సోఫా వెనక్కి తోసేశాను. దాని రెండో కొస దేనికీ తగిలి లేదు. కరెంటు ప్లగ్గు మాత్రం ఉంచాను. లైట్లు గంతులేస్తూనే ఉన్నాయి. సాయంత్రం ఆయన స్నానానికి వెళ్లినప్పుడు ఆయన ఫోన్లోనూ టీవీలోనూ కొత్త పాస్‌వర్డ్ కొట్టేశాను.

కాసేపటికి మణి తలుపు తట్టాడు.

"అక్కా, తాళం పడింది?"

"పడింది నాయనా. ఖలాస్."

పాపం, వెనక్కి తిరిగాడు. మెట్ల మీద నుంచి కుర్చీ దిగుతున్న చప్పుడు మాత్రం వినిపించింది.

సోమవారం నా పాఠం నీళ్లు పారినట్టు సాగింది. ఒక్క ముఖం చెదరలేదు. ఎక్స్ విలువ వచ్చింది, ఉద్యోగమూ వచ్చింది. "వచ్చే శనివారం నుంచి మొదలుపెట్టమ్మా" అన్నారు గంగారత్నం మేడమ్. ఫోన్ పెట్టి ఆయనకు చెప్పాను.

ఆయన నా వైపు చూడలేదు. లేచి వెళ్లి నల్ల పెట్టె వీపు తట్టారు.

"శభాష్! చెప్పానా అలవాటు పడుతుందని? నీ ఉద్యోగం ఎవరి పుణ్యమంటావు?"

ఆ క్షణంలో చెప్పేద్దామనుకున్నాను. నోటిదాకా వచ్చింది. కానీ ఆయన అప్పటికే ఫోన్ తీసి పాస్టరుగారికి చేస్తున్నారు.

"వందనాలండి జాన్ పాల్‌గారూ. మన ఆరాధన హాల్లో నెట్ సరిగ్గా రావట్లేదన్నారు కదా? మరేం పర్లేదండి. మార్కెట్లో లేని మోడలండి, నా చేతిలో ఉంది. అలాంటిదే మన హాలుకీ చేసి... అదే, తెచ్చి పెడతాను. ఆయ్, శుక్రవారం మా ఇంట్లో ప్రార్థన కూడిక ఉంది కదండి. అక్కడ దేవుడు చేసిన మేలు గురించి సాక్ష్యం కూడా చెబుతాను."

నేను నోరు మూసుకున్నాను. ఇంత కష్టపడి ఎక్కుతున్న మనిషిని మధ్యలో దించకూడదు.

శుక్రవారం ఇల్లు నిండిపోయింది. పాస్టరుగారు, సంఘంలోని నర్సులు, సబా అల్ సలేంలో ఇళ్లలో పనిచేసే అక్కలు. వారానికి ఆ ఒక్క పూటే వాళ్లకు బయటి గాలి. ముందు వరసలో, సంఘంలో అందరూ పిన్ని అని పిలిచే జ్ఞానమ్మ కూర్చుంది. గోడ మీద టీవీలో వీడియో కాల్ పెట్టాం. పాలకొల్లులో మంచం మీద కూర్చుని మా అత్తగారు కూడా కూడికలో చేరారు.

పాటలయ్యాక ఆయన గొంతు సవరించుకుని లేచారు.

"ప్రియమైన సహోదరీ సహోదరులారా! నా భార్య పరీక్ష పాఠానికి ముందు మా రూటరు చచ్చిపోయిందండి. ఆ మోడలు లోకంలోనే లేదన్నారు. కొట్లవాళ్లు చేతులెత్తేశారు. నేను మాత్రం దేవుడి మీద విశ్వాసంతో సూక్ అల్ జుమాకి బయల్దేరాను."

"స్తోత్రం!" అన్నారు అందరూ.

"ఎండ! దుమ్ము! వేల మంది జనం! అక్కడ ఒక మూల, సీల్ కూడా విప్పకుండా, నా కోసమే ఎదురుచూస్తున్నట్టు, ఇదిగో, ఈ పెట్టె!"

"స్తోత్రం!"

"దీనివల్లే నా భార్యకు ఉద్యోగం వచ్చింది!"

"స్తోత్రం!" అన్నిటికంటే గట్టిగా అన్నది టీవీలోంచి మా అత్తగారు.

"అమ్మా హెలెన్, నువ్వు కూడా రెండు మాటలు చెప్పు" అన్నారు పాస్టరుగారు.

నేను లేచాను. "నేను మాటలు చెప్పనండి, చూపిస్తాను" అని నల్ల పెట్టె దగ్గరికి వెళ్లి కరెంటు ప్లగ్గు పీకేశాను.

లైట్లు గంతులేస్తూనే ఉన్నాయి. టీవీలో అత్తగారు కళ్లు ఆర్పుతూనే ఉన్నారు. ఆయన ఒక్క క్షణం బిత్తరపోయి, అంతలోనే చేతులు పైకెత్తారు.

"చూశారా! కరెంటు లేకపోయినా నడుస్తోంది!"

"స్తోత్రం!"

నేను పెట్టె వెనక వైరు పట్టుకుని లాగాను. అది సోఫా వెనక నుంచి పొడుగ్గా వచ్చి, వచ్చి, దేనికీ తగలని కొస నేల మీద టప్పున పడింది. టీవీలో అత్తగారు చెంగుతో చెమట తుడుచుకున్నారు. ఈసారి స్తోత్రం సగం మందే అన్నారు. ఆయన అననేలేదు. ఆ కొస వంకే చూస్తున్నారు.

పొద్దున్నే స్క్రూలు తీసి ఉంచిన పెట్టె మూత ఎత్తి అందరికీ కనపడేలా వంచాను.

జ్ఞానమ్మ పిన్ని కళ్లజోడు సర్దుకుని ముందుకు వంగింది.

"ఇదేంటమ్మాయ్, క్రిస్మస్ నక్షత్రం లైట్లలా ఉన్నాయేంటి?"

టీవీ గట్టిగా అరిచింది. "ఒరే నతానియేలూ! అవి నేను పంపిన లైట్లు కదట్రా! కాలిపోయాయని చెప్పావు కదరా నాకు!"

కిటికీ తెర పక్కకు లాగి తెల్ల డబ్బా చూపించాను. "పాఠం చెప్పింది నేనండి. దారి ఇచ్చింది ఇది. ఖాసిం వలి కొట్లో అందరికీ దొరుకుతుంది. వెతకక్కర్లేదు."

ముందు నవ్వింది ఎవరో తెలియదు. తర్వాత ఎవరూ ఆపుకోలేదు. నర్సులు ఒకళ్ల భుజాల మీద ఒకళ్లు పడ్డారు. పాస్టరుగారు నవ్వకుండా ఉండడానికి బైబిల్ పేజీలు గబగబా తిప్పారు. చివరికి అది మూసి, ఆయన భుజం మీద చెయ్యి వేశారు.

"బ్రదర్, సంఘంలో నిలబడి చెప్పిన మాట. దేవుడి పేరు కూడా కలిపారు. సరిదిద్దడం కూడా నిలబడే చెయ్యాలి. వచ్చే శుక్రవారం ఆరాధన హాల్లో ఉన్నది ఉన్నట్టు చెప్పండి."

"హాల్లోనా అండి? అక్కడ మైకు ఉంటుందండి."

"అవును, బాగా వినిపిస్తుంది."

"మరి హాలు రూటరో?" అంది పిన్ని.

"అది సిస్టర్ హెలెన్ చూసుకుంటారు" అన్నారు పాస్టరుగారు.

అందరూ వెళ్లాక ఆయన చాలాసేపు టేపు ముక్కలు గోళ్లతో పీకుతూ కూర్చున్నారు.

"ఇంట్లో నాతో చెప్పొచ్చు కదే. అందరి ముందూ ఎందుకు?"

"నా పాఠం ఆగిపోయింది అందరి ముందే కదండీ."

ఆయన నోరు తెరిచారు. ఆ రోజు తెర మీద నేను ఎలా కనిపించి ఉంటానో నాకు అప్పుడు మొదటిసారి అర్థమైంది. బదులు రాలేదు. లేచి, టీ పెట్టి తెచ్చి నా బల్ల మీద పెట్టారు. పంచదార ఎక్కువైంది. తాగాను గానీ, బాగుందని అనలేదు.

శనివారం సాయంత్రం నా ఉద్యోగంలో మొదటి క్లాసు. కొత్త పిల్లలు. అందరి ముఖాలూ స్పష్టంగా ఉన్నాయి. లెక్క ఇచ్చి, వాళ్లు చేసుకునేదాకా ఆగాను. ఇల్లంతా నిశ్శబ్దం. స్నానాలగదిలోంచి, అద్దం ముందు నిలబడి మాట్లాడుతున్న గొంతు వినిపించింది.

"ప్రియమైన సహోదరీ సహోదరులారా, పోయిన శుక్రవారం నేను చెప్పింది..."

కొళాయి తిప్పిన చప్పుడు. కట్టేసిన చప్పుడు.

"ప్రియమైన సహోదరీ సహోదరులారా, పోయిన శుక్రవారం నేను..."

మళ్లీ కొళాయి.

తెర మీద పై వరసలోని పిల్ల చెవులు రిక్కించింది. "మేడమ్, మీ ఇంట్లో ఎవరు?"

"ఒక స్టూడెంటమ్మా" అన్నాను. "అప్పజెప్పడం ప్రాక్టీసు చేస్తున్నారు. మొదటి వాక్యం దాటడం లేదు. మీరు లెక్క కానివ్వండి."